మెతుకు పట్టి చూస్తే తెలియని రుచి



మాది మెదక్. ఊరి పేరులోనే అన్నం ఉంది. ఒకప్పుడు దీన్ని మెతుకుదుర్గం అనేవాళ్ళు. ఇప్పటికీ ఈ నేలను మెతుకు సీమ అంటారు. చర్చి కట్టే రోజుల్లో కరువు కూలీలకు పెట్టిన అన్నం వల్లే ఆ పేరు వచ్చిందని మా ఊళ్ళో కొందరు గట్టిగా చెప్తారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ చర్చి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబర్ 25న. మెతుకుదుర్గం అంతకంటే చాలా పాత పేరు. ఆ సంగతి అట్లా ఉంచండి.

మా ఇళ్ళల్లో అన్నం ఉడికిందో లేదో ఎట్లా చూస్తారో మీకు తెలుసు. గిన్నెలోంచి ఒక్క మెతుకు తీసి, రెండు వేళ్ళ మధ్య పెట్టి నలుపుతారు. పలుకు తగిలితే ఇంకొంచెం సేపు పొయ్యి మీద ఉంచుతారు, లేకపోతే దించేస్తారు. కుండెడు అన్నం సంగతి ఆ ఒక్క మెతుకే చెప్తుంది. అట్లా ఒక్క మెతుక్కి లొంగని తిండి ఒకటి ఇప్పుడు మన ఇళ్ళల్లోకి వచ్చి కూచుంది. ముట్టి చూసినా, వాసన చూసినా, చివరికి తిని చూసినా దాని గుట్టు తెలియదు. చదివితేనే తెలుస్తుంది. ఇవాళ చెప్పదలుచుకున్నది ఆ చదువు గురించే.

నేను ఉద్యోగమంతా రసాయన శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అయినా ఈ పాఠం నాకు చెప్పింది మా మనవడు. ఐదో తరగతి. ఒక సాయంత్రం రాందాస్ చౌరస్తా దగ్గర కిరాణా కొట్టుకు ఇద్దరం పోయాం. కొట్టు ముందర దండల్లాగా ప్యాకెట్లు వేలాడుతుంటాయి కదా, వాటిలోంచి ఒకటి తెంపాడు. నేను వద్దనేలోపే, "తాతా, దీంట్ల అజినామోటో లేదు. సూడు, ముందట్నే రాసిండ్రు" అన్నాడు. నిజమే. ముందు వైపు ఆకుపచ్చ గుండ్రంలో, తెల్లటి పెద్ద అక్షరాల్లో 'నో యాడెడ్ ఎంఎస్‌జీ' అని ఉంది. అంటే మోనోసోడియం గ్లుటమేట్ మేము కలపలేదు అని.

ఇంటికొచ్చాక ప్యాకెట్టు ఖాళీ అయింది. నేను కత్తెర తెచ్చి దాన్ని నిలువుగా కోసి, బల్ల మీద పరిచాను. ఎందుకంటే అసలు సంగతి ఉండేది వెనక, అతుకు దగ్గర, మడత లోపల. భూతద్దం పెడితే గానీ ఆనని అక్షరాలు. చీమలు బారులు తీరినట్టున్నాయి. అందులో మొదట ఆలుగడ్డలు, తర్వాత నూనె, ఆ తర్వాత మసాలా అని ఒక పెద్ద బ్రాకెట్టు. ఆ బ్రాకెట్టు లోపల ఉప్పు, చక్కెర, ఉల్లిగడ్డ పొడి, 'హైడ్రొలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్', చివర్న 'ఫ్లేవర్ ఎన్‌హాన్సర్స్', దాని పక్కన రెండు నంబర్లు: 627, 631. మా వాడు భూతద్దం లాక్కుని చూసి, "గివి ఫోన్ నంబర్లా తాతా?" అన్నాడు. నేను నవ్వాను గానీ, తర్వాత ఆలోచిస్తే అది వెక్కిరింపు కాదు. ఆ కంపెనీ వాళ్ళు చెప్పీ చెప్పనట్టు చెప్పిన మాట అది. పిలిస్తే ఎవరు పలుకుతారో మనకు తెలియాలి.

ఇంట్లో పెన్సిలు, కాయితం ఉంటే దగ్గర పెట్టుకోండి. మూడు నంబర్లు రాసుకుంటే చాలు: 621, 627, 631. ఆరువందల ఇరవై ఒకటి అంటే మోనోసోడియం గ్లుటమేట్. మనం అజినామోటో అనేది, వంట మాస్టర్లు టేస్టింగ్ సాల్ట్ అనేది అదే. 620 నుంచి 625 దాకా ఉన్నవన్నీ దాని అన్నదమ్ములే. ఒకటి సోడియంతో, ఒకటి పొటాషియంతో, ఒకటి కాల్షియంతో చేసిన గ్లుటమేట్లు. 626 నుంచి 635 దాకా ఇంకో కుటుంబం. 627 డైసోడియం గ్వానిలేట్, 631 డైసోడియం ఇనోసినేట్, ఈ రెండూ కలిపేస్తే 635. కొన్ని ప్యాకెట్ల మీద అంకె ముందు ఇంగ్లిష్ 'ఇ' అక్షరం ఉంటుంది. దానికి కంగారు పడొద్దు, అంకె అదే.

నంబరు కనపడగానే విషమని జడుసుకునేవాళ్ళను నేను చాలామందిని చూశాను. వాళ్ళకు ఒక మాట. 100 అనే నంబరు కనపడితే అది పసుపులోని పచ్చరంగు, కర్క్యుమిన్. 330 అంటే నిమ్మ ఉప్పు. 500 కనపడితే తినే సోడా జాతిది. 300 అయితే సి విటమిన్. నంబరు ఉందంటే దాన్ని ఒక పట్టికలో ఎక్కించారు అని మాత్రమే అర్థం. నంబర్ల మీద నాకు కోపం లేదు. నంబరు వేసినవాడు ఎంతో కొంత నిజం చెప్పినట్టే. ఇబ్బంది నంబరు లేకుండా వచ్చే వాటితో. వాటి దగ్గరికి వస్తాను. దానికంటే ముందు ఈ రుచి సంగతి కొంచెం చెప్పాలి.

1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. వాళ్ళ ఇళ్ళల్లో కొంబు అనే సముద్రపు నాచు వేసి చారు కాస్తారు. ఆ చారులో తీపి కాదు, పులుపు కాదు, ఉప్పు కాదు, చేదు కాదు, ఇంకేదో ఒక రుచి ఉందని ఆయనకు అనుమానం వచ్చింది. నాచును ఉడికించి, వడకట్టి, మిగిలినదాన్ని ఎండగట్టి, అందులోంచి గ్లుటమిక్ యాసిడ్‌ను తీశాడు. దానికి సోడియం చేరిస్తే నీళ్ళల్లో తేలిగ్గా కరిగే తెల్లటి పలుకులు వచ్చాయి. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదే, 1909లో, అది అజినోమోటో పేరుతో అంగళ్ళకొచ్చింది. వాళ్ళ భాషలో ఆ మాటకు రుచికి మూలం అని అర్థం. మనం ఒక కంపెనీ పేరును పదార్థానికి పేరుగా వాడేసుకున్నాం, డాల్డాను వాడుకున్నట్టే.

మనకు షడ్రుచులు ఉన్నాయి గానీ అందులో ఇది లేదు. కానీ మాట లేకపోలేదు. మా అమ్మ దాన్ని కమ్మదనం అనేది. మాంసం ఎముకలు చాలాసేపు ఉడికితే వచ్చేది, బాగా మగ్గిన టమాటలో ఉండేది, తొలకరి వానలకు పుట్టమీద లేచిన పుట్టగొడుగుల కూరలో తగిలేది. ఇకెడా శిష్యుడు కొడామా 1913లో ఎండబెట్టిన చేపలో ఇనోసినేట్‌ను కనిపెట్టాడు. 1957లో కునినాకా అనే ఆయన పుట్టగొడుగుల్లో ఉండే గ్వానిలేట్ కథ తేల్చాడు. ఆయన చెప్పిన ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. గ్లుటమేట్ ఒక్కటే వేస్తే వచ్చే రుచి వేరు. దాంట్లో ఇనోసినేటో, గ్వానిలేటో రవ్వంత కలిస్తే ఆ రుచి ఎన్నో రెట్లు పైకి లేస్తుంది. ఒకటికి ఒకటి కలిపితే రెండు కాదు, ఆరేడు అయినట్టు.

ఇది మన వంటింట్లో ఎవరూ చెప్పకుండానే జరుగుతున్నది. ఎండుచేపలు వేయించి టమాటలు వేసి కూర వండుతాం కదా. టమాటలో గ్లుటమేట్ ఉంది, ఎండుచేపలో ఇనోసినేట్ ఉంది. అంటే 621, 631 కలిసిన కూర అది. నంబర్లు లేకుండా. అందుకే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ పోతాయి. దీన్ని బట్టి ఒకటి గమనించండి. 627, 631 ఒంటరిగా కనపడటం తక్కువ, గ్లుటమేట్‌తో జట్టుగానే వస్తాయి. 627, 631 ఖరీదైనవి, వాటి పని గ్లుటమేట్‌ను ఎత్తి పట్టుకోవడం. గ్లుటమేట్ లేని చోట వాటికి పెద్దగా పని లేదు. అట్లాంటప్పుడు ప్యాకెట్టు మీద 627, 631 ఉండి, 621 మాత్రం లేదు అంటే ఏమనుకోవాలి? పెండ్లికొడుకు లేకుండా ఊరేగింపు వస్తున్నట్టు. పెండ్లికొడుకు ఎక్కడో ఉన్నాడు, ఇంకో పేరుతో.

మా మనవడి ప్యాకెట్టులో ఆ ఇంకో పేరు హైడ్రొలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్. ప్రోటీను అనగానే మనకు బలం, పప్పు, గుడ్డు గుర్తొస్తాయి. దీని సంగతి వేరు. సోయా, పల్లీ, గోధుమ వంటి వాటి ప్రోటీనును యాసిడ్‌తోనో ఎంజైములతోనో ముక్కలు చేస్తారు. ప్రోటీను అంటే అమైనో యాసిడ్ల గొలుసు. గొలుసులో బిగుసుకుని ఉన్నంతసేపు గ్లుటమిక్ యాసిడ్‌కు ఆ రుచి ఉండదు. గొలుసు తెగితే విడి గ్లుటమేట్ బయటికొచ్చి నాలుక్కి తగులుతుంది. అంటే గ్లుటమేట్‌ను విడిగా తెచ్చి కలపలేదు, కలిపిన దాంట్లోంచే పుట్టించారు. 'ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్', 'ఆటోలైజ్డ్ ఈస్ట్' అని ఉన్నా కథ ఇదే. ఇక్కడ ఈస్ట్ తన ప్రోటీనును తానే అరిగించుకుంటుంది. 'సోయా సాస్ పౌడర్' కూడా ఈ కోవలోదే. ఈ మూడు నాలుగు పేర్లు ఎక్కడున్నా గ్లుటమేట్ ఉన్నట్టు లెక్క. చట్టం ప్రకారం వీటిని 621 అని రాయక్కర్లేదు. ఎందుకంటే ఇవి 621 కావు. అబద్ధం లేదు. నిజం కూడా సగమే ఉంది.

దేశమంతా ఉలిక్కిపడ్డ మ్యాగీ నూడుల్స్ గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. అందరికీ సీసం మాటే గుర్తుంది. దానికి మొదలు మాత్రం ఈ కమ్మదనమే. 2014లో ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో ఒక ఆహార భద్రతాధికారి కొట్లోంచి మ్యాగీ ప్యాకెట్లు తీసుకుని గోరఖ్‌పూర్ ల్యాబుకు పంపారు. ప్యాకెట్టు మీద 'నో యాడెడ్ ఎంఎస్‌జీ' అని ఉంది. ల్యాబులో గ్లుటమేట్ కనపడింది. మ్యాగీ తయారుచేసే నెస్లే కంపెనీ ఒప్పుకోలేదు. నమూనా కోల్‌కతాలోని కేంద్ర ఆహార ప్రయోగశాలకు పోయింది. మరుసటి ఏడాది వచ్చిన నివేదికలో గ్లుటమేట్‌తో పాటు కిలోకు 17.2 మిల్లీగ్రాముల సీసం ఉందన్నారు. ఒప్పేది 2.5. 2015 జూన్ 5న జాతీయ ఆహార భద్రతా సంస్థ మ్యాగీ తొమ్మిది రకాలనూ వెనక్కి తీసుకోమంది. మా ఊరి కొట్లల్లోంచి కూడా ఆ పసుపుపచ్చ ప్యాకెట్లు మాయమైపోయాయి. పిల్లలు బెంగపడ్డారు. వేల టన్నుల సరుకు సిమెంటు బట్టీల్లో కాలిపోయింది.

అదే ఏడాది ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కంపెనీ మాట వినకుండా నిర్ణయం తీసుకున్నారని, పరీక్ష చేసిన ల్యాబులకు సరైన గుర్తింపు లేదని కోర్టు అన్నది. మళ్ళీ మూడు ల్యాబుల్లో పరీక్ష చేయమంది. ఆ మూడింటిలో ఒకటి మన హైదరాబాద్‌లోని విమ్‌టా ల్యాబ్స్. సీసం హద్దులోనే ఉందని తేలింది. నవంబర్‌లో మ్యాగీ కొట్లల్లోకి తిరిగొచ్చింది.

మరి గ్లుటమేట్ సంగతి? కంపెనీ చెప్పిన జవాబు వినండి. మేము ఎంఎస్‌జీ కలపము, కానీ మసాలాలో హైడ్రొలైజ్డ్ పల్లీ ప్రోటీను ఉంది, ఉల్లిగడ్డ పొడి ఉంది, గోధుమ పిండి ఉంది, వాటిల్లో గ్లుటమేట్ సహజంగానే ఉంటుంది అని. ఒక రసాయన శాస్త్రం పంతులుగా ఇందులో తప్పు పట్టలేను. పల్లీల్లోంచి వచ్చిన గ్లుటమేట్‌నూ, డబ్బాలోంచి తీసి చల్లిన గ్లుటమేట్‌నూ పక్కపక్కన పెడితే మామూలు ల్యాబు పరీక్ష తేడా చెప్పలేదు. అణువు అణువే. 2016 మార్చి 31న ఆహార భద్రతా సంస్థ కూడా ఆ మాటే ఒప్పుకుంది. కావాలని 621 కలిపి, ఆ సంగతి లేబుల్ మీద రాయలేదని రుజువైతే తప్ప, నూడుల్స్‌లో గ్లుటమేట్ కనపడిందన్న ఒక్క కారణంతో కేసులు పెట్టొద్దని ఆదేశమిచ్చింది. కంపెనీలో కలిపినప్పుడు పక్కన నిలబడి చూసినవాడే చెప్పాలి. అన్నట్టు, మన చట్టం ఎండు నూడుల్స్‌లో 621 వేయడానికి ఒప్పుకోదు, పక్కన పెట్టే మసాలా పొట్లంలో మాత్రం వేసుకోవచ్చు. పిల్లలు ఆ పొట్లాన్ని చివరిదాకా చీకుతారు కదా.

కాబట్టి తేడా ల్యాబు కూడా పట్టలేని చోట మనకు మిగిలింది లేబులే. ముందు వైపు రాసింది ప్రచారం, వెనక రాసింది వాంగ్మూలం. నేనైతే ముందు వైపు 'నో యాడెడ్' అని కనపడగానే ప్యాకెట్టు తిప్పుతాను. అసలు ఏమీ లేనివాడు లేదు లేదు అని అరవాల్సిన పనేముంది?

ఇంతకూ ఇది విషమా? ఈ మాట ఎక్కడ మాట్లాడినా మొదటి ప్రశ్న ఇదే వస్తుంది. 1968లో అమెరికాలో రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే డాక్టరు ఒక వైద్య పత్రికకు చిన్న ఉత్తరం రాశాడు. చైనీస్ హోటల్లో తింటే మెడ వెనక తిమ్మిరెక్కుతోంది, గుండె దడ వస్తోంది, సోయా సాసు వల్లనా, వైను వల్లనా, ఉప్పు వల్లనా, ఎంఎస్‌జీ వల్లనా అని. ఆయన ప్రశ్నే అడిగాడు. జనం జవాబు చేసుకున్నారు. ఆ తర్వాత, తినేవాడికీ పెట్టేవాడికీ ఎందులో ఉందో తెలియకుండా చేసిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా కనపడలేదు. మూడు గ్రాములో అంతకంటే ఎక్కువో ఖాళీ కడుపున, తిండి లేకుండా తీసుకుంటే కొందరికి కాసేపు తలనొప్పి, ఒళ్ళు వేడెక్కడం ఉంటాయి. 1987లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణుల సంఘం దీనికి రోజువారీ హద్దు పెట్టక్కర్లేదు అన్నది. 2017లో యూరప్ వాళ్ళు మాత్రం శరీరం బరువు కిలోకు 30 మిల్లీగ్రాములు అని హద్దు గీశారు. అరవై కిలోల మనిషికి 1.8 గ్రాములు. ఇరవై కిలోల పిల్లవాడికి 0.6 గ్రాములు.

ఈ లెక్క నాకు అనుకోకుండా ఒకసారి పనికొచ్చింది. మా అమ్మాయి కొడుకు పుట్టువెంట్రుకలు ఏడుపాయల్లో తీయించాం. వనదుర్గమ్మ గుడి దగ్గర, మంజీరా పాయలు చీలే చోట, చెట్ల కింద వంటలు. ఐదు వందల మందికి భోజనం. వంట మాస్టరు రాసిచ్చిన సామాన్ల చిట్టీ నా చేతికొచ్చింది. అల్లం, ఎల్లిగడ్డ, గసాలు, కొబ్బరి కింద 'టే. సాల్ట్ – అరకిలో' అని ఉంది. ఐదు వందల గ్రాములు, ఐదు వందల మంది. తలకు ఒక గ్రాము. పెద్దవాళ్ళకు హద్దులోపే. పక్కన ఆడుకుంటున్న పిల్లలకు హద్దు దాటినట్టే. మాస్టరును పిలిచి అడిగాను. ఆయన దాచుకోలేదు. "సార్, మటన్ జర తక్కువ పడ్డా ముక్క రుచి వస్తది" అన్నాడు.

ఆ మాట విన్నాక విషమా కాదా అన్న ప్రశ్న నాకు చిన్నదైపోయింది. మాస్టరు ఒక్క ముక్కలో అసలు సంగతి చెప్పేశాడు. ఉన్నదాన్ని పెంచడానికి కాదు, లేనిదాన్ని కనపడనీయకుండా చేయడానికి. మాంసం తగ్గింది, ఎముక చారు కాయడానికి టైము లేదు, టమాట ధర పెరిగింది. ఆ ఖాళీ మీద ఈ తెల్లటి పలుకులు పరుస్తారు. ఫ్యాక్టరీలో జరిగేదీ అదే, పెద్ద ఎత్తున. చిప్స్ ప్యాకెట్టు మీద బొమ్మలో టమాట ఉంటుంది. లోపల టమాట పొడి ఎన్నో స్థానంలో ఉందో చూడండి. చట్టం ప్రకారం దినుసులు బరువు తగ్గే వరసలో రాయాలి. చక్కెర ముందుండి, టమాట వెనకుంటే బొమ్మను నమ్మాల్సిన పని లేదు. మాస్టరుతో బేరమాడి ఐదు కిలోల మటన్ పెంచి, చిట్టీలో ఆ వరస కొట్టేయించాను. ఆయన అయిష్టంగానే కొట్టేశాడు. కూర బాగానే కుదిరింది, ఉప్పు మాత్రం ఒక పిసరు ఎక్కువైంది.

ఉప్పు అన్నాను కాబట్టి ఒక్క మాట. 621లో సోడియం పన్నెండు శాతం దాకా ఉంటుంది, మామూలు ఉప్పులో ముప్పై తొమ్మిది. ఉప్పు తగ్గించి దీన్ని వేస్తే లాభమే అని కంపెనీల వాదన. అది తగ్గించినప్పటి మాట. మన ప్యాకెట్లలో ఉప్పూ ఉంటుంది, ఇదీ ఉంటుంది. వెనక పట్టికలో సోడియం అని ఉన్న అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. రోజంతటికీ ఐదు గ్రాముల ఉప్పు మించొద్దన్నారు. మిల్లీగ్రాముల్లో చెప్తే రెండు వేల సోడియం. పట్టిక నూరు గ్రాములకు రాశారా, ఒక వడ్డనకు రాశారా అన్నది కూడా చూడండి, అక్కడ చాలామంది బోల్తా పడతారు. ఇంకొకటి, యూరిక్ యాసిడ్ ఎక్కువై కీళ్ళు పట్టేసేవాళ్ళు 627, 631, 635 గురించి మీ డాక్టరును అడగండి. అవి ప్యూరిన్ జాతివి.

631 మీద వాట్సాప్‌లో ఒక కథ తిరుగుతుంటుంది, అది పంది కొవ్వు అని. కొవ్వు కానే కాదు. చేపలోంచీ, మాంసంలోంచీ తీయొచ్చు, పిండిని పులియబెట్టీ తీయొచ్చు. ఎందులోంచి తీశారో నంబరు చెప్పదు. ఢిల్లీ హైకోర్టు 2021 డిసెంబర్‌లో ఈ 631నే ఉదాహరణగా చూపించి, ప్రతి దినుసూ మొక్కలోంచి వచ్చిందా జంతువులోంచి వచ్చిందా చెప్పి తీరాలన్నది. మాంసం ముట్టనివాళ్ళు ఆకుపచ్చ చుక్క చూసుకుంటే సరిపోతుంది. అది లేకుండా గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం.

ఇక 621 ఈ రోజుల్లో ఎక్కువగా వచ్చేది నాచులోంచి కాదు. చెరకు మడ్డినో, కర్రపెండలం పిండినో సూక్ష్మజీవులతో పులియబెట్టి తీస్తారు. మడ్డి వాసన మా మెదక్ వాళ్ళకు కొత్త కాదు. మంబోజిపల్లి చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ సీజనులో ఆ పుల్లటి తీపి వాసన గాలికి వచ్చేది. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు బండ్ల వెనక పరుగెత్తిన పిల్లలు ఇప్పుడు తండ్రులయ్యారు. ఇది మన విషయం కాదు గానీ, మడ్డి అనగానే మనసు అటు పోయింది.

నా అసలు ఫిర్యాదు రెండు సంగతుల మీద. ఒకటి భాష. మన నిబంధనల ప్రకారం లేబుల్ మీద వివరాలు ఇంగ్లిష్‌లో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి. వేరే భాషలో కూడా వేసుకోవచ్చు, అభ్యంతరం లేదు. అభ్యంతరం లేదు అంటే వేయరు అనే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో పదిహేడు ఆహార సూత్రాలు ప్రకటించింది. చివరిది లేబుల్ చదివి తినమని. మంచి మాట. తెలుగు తప్ప ఇంకోటి చదవలేని మా పక్కింటి అవ్వ ఆ పదిహేడోదాన్ని ఎట్లా పాటించాలి? టీవీలో ప్రకటన తెలుగులో వస్తుంది. కొట్టు మీద బోర్డు తెలుగులో ఉంటుంది. అమ్మడానికి వచ్చిన తెలుగు చెప్పడానికి రాలేదు. 621 కలిపిన ప్యాకెట్టు మీద అది కలిపామనీ, ఏడాది లోపు పసిపిల్లలకు తగదనీ హెచ్చరిక వేయాలి. ఆ హెచ్చరిక ఎవరికోసమో ఆ పసిపిల్లల అమ్మమ్మలకే అది అందడం లేదు.

రెండోది కొలత. మొత్తం మీద నూరు చదరపు సెంటీమీటర్లు దాటని చిన్న ప్యాకెట్టు మీద దినుసుల జాబితా వేయక్కర్లేదు. అంటే అరచేయంత కూడా లేనివి. వివరాలు పెద్ద అట్టపెట్టె మీద ఉంటే చాలు. ఆ పెట్టె కొట్టువాడి అటక మీద ఉంటుంది. రూపాయికీ, రెండు రూపాయలకూ పొట్లాలు కొనుక్కునే పిల్లవాడు దాన్ని ఎప్పుడు చూడాలి? నేను ఒకసారి మా కొట్టాయనను ఆ పెట్టె చూపించమన్నాను. "ఎందుకు సార్, గందులో పిల్లి పిల్లలు పెట్టింది" అన్నాడు. నిజంగానే పెట్టింది. నాలుగు పిల్లలు. ఆ వారం ఆ చదువు సాగలేదు.

సాయంత్రం చౌరస్తాలో వెలిగే నూడుల్స్ బండ్లకు లేబులే లేదు, అక్కడ చదవడానికి ఏమీ ఉండదు. తెల్ల పొడి ఎంత వేస్తున్నాడో కళ్ళతో చూసి, వద్దు అనొచ్చు. నేను అంటే వాళ్ళు మానేస్తున్నారు. ఒకాయన మాత్రం, "ఏం సార్, బీపీనా?" అని నా కళ్ళల్లోకి జాలిగా చూశాడు.

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో సకినాలు చేశారు. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, నీళ్ళు. గుడ్డ మీద చుట్లు చుట్లుగా అల్లి, ఆరబెట్టి, నూనెలో వేసి తీశారు. చల్లారాక పాత స్టీలు డబ్బాలోకి ఎత్తారు. మనవడు రెండు తిని, మూడోది చేతిలో పట్టుకుని ఆగాడు. ఇప్పుడు వాడికి ప్రతిదీ తిప్పి చూసే జబ్బు పట్టుకుంది. మూత బిగించి డబ్బాను తలకిందులు చేశాడు. అడుగున, చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు కనపడ్డాయి.

"నానమ్మా, గీడ నంబర్లున్నయి. 12, 5, 79. గిదేం కలిపిండ్రు?"

"గది మా అమ్మ పెట్టిన డబ్బారా. నా పెండ్లి దినం," అన్నది మా ఆవిడ, పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరగకుండానే.